అన్న రజా మీద రావాలంటే

ఆ చలికాలం పక్కింటి ఖైదీ ఇంటికి వచ్చాడు. మా ఇంటి ఖైదీ రాలేదు.

ఇద్దరిదీ ఒకే కేసు. ఒకరు మా అన్న. రెండో ఆయన మా గోడకు ఆనుకుని ఉన్న ఇంటివాడు, ఊరి వరసలో నాకు మామ. బోధన్‌కు పడమటగా ఉన్న మా ఊరు నిజాంసాగర్ నీళ్ళ మీద చెరుకు పండించే ఊరు. పిల్లకాలువ తూము దగ్గర నీళ్ళ వంతు కోసం పొరుగూరి రైతుతో గొడవైంది. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా మాట మీద మాట పెరిగి చేతులు లేచాయి. ఆ రైతు తలకు దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుండి చనిపోయాడు. అన్న చేతిలో పార ఉంది. మామ చేతిలో కర్ర ఉంది. తల మీద దెబ్బ ఒకటే.

నేనప్పుడు నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నాను. వాయిదా ఉన్న రోజు క్లాసు ఎగ్గొట్టి కోర్టు వరండాలో నిలబడేవాణ్ణి. డ్రాయింగు క్లాసులో మాకు ఏ వస్తువునైనా మూడు వైపుల నుంచి గీయడం నేర్పేవారు: ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి. సాక్షులందరూ కాలువ గట్టు మీద ఒకే వైపు నిలబడి చూసినవాళ్ళు. వాళ్ళకు కనిపించింది పార. పార ఎండకు మెరుస్తుంది, కర్ర మెరవదు.

మామకు నాలుగేళ్ళు పడ్డాయి. అన్నకు పదేళ్ళు. ఎందుకింత తేడా అని వకీలును అడిగితే రెండు కారణాలు చెప్పాడు. పార ఇనుము, కర్ర కట్టె. ఇది మొదటిది. మామకు భార్య, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు, అన్నకు ఇంకా పెళ్ళి కాలేదు. ఇది రెండోది. మొదటి కారణాన్ని నేను ఒప్పుకున్నాను, ఇనుము ఇనుమే. రెండోదాన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు. పెళ్ళాం లేనంత మాత్రాన మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళు లేరని ఎవరు లెక్క కట్టారో నాకు తెలియదు.

ఇద్దరినీ వరంగల్ జైలుకు తీసుకుపోయారు. అవ్వ ఒక్కసారి ములాఖత్‌కు వెళ్ళింది. జాలీ అవతల అన్నను చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళనంది. "గట్ల సూసుడు కన్న సూడకుండుడే నయం" అంది.

రెండో ఏటికి నేను చదువు ముగించి బోధన్ చక్కెర కార్ఖానాలో నౌకరీకి చేరాను. ఆ ఏడు చెరుకు కోతకు మామ రజా మీద ఇంటికి వచ్చాడు. జైలు వాళ్ళు దాన్ని పెరోల్ అంటారు. మా దగ్గర కార్ఖానాకు పోయేవాళ్ళు సెలవును రజా అంటారు కనుక ఊళ్ళో దాన్నీ రజా అనే అన్నారు. పక్కింట్లో యాటను కోశారు. గోడ మీదుగా మసాలా వాసన, పిల్లల అరుపులు, అత్త గాజుల చప్పుడు అన్నీ మా వాకిట్లోకి వచ్చాయి. అత్త తలలో బంతిపూలు పెట్టుకుంది. ఆ పువ్వులు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఒకే తూము, ఒకే గొడవ, ఒకే దెబ్బ. వాళ్ళ ఇంట్లో పువ్వులు, మా ఇంట్లో చీకటి పడకముందే ఆర్పేసిన పొయ్యి.

అంతకన్నా నన్ను మండించింది ఇంకొకటి. మామ వచ్చిన మరునాటి నుంచే అవ్వ ఆయన్ను మా ఇంటికి పిలిచి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. అన్న తినే కంచు గిన్నెలో పెరుగు పోసి ఇచ్చింది.

"మావోడు తింటున్నడా?" అని అడిగింది.

"తింటున్నడక్కా. నాకన్న రెండు రొట్టెలు ఎక్కువనే తింటడు. దర్రీలు నేస్తున్నడు. చేతికి పని దొరికింది."

"సన్నగయిండా?"

"ఏ, సన్నగా? మమ్మల్నిద్దర్ని సూసి జవానే నవ్వుతడు, ఒక్కటే తిండి తిని నువ్వెందుకు బక్కగున్నవ్ అని నన్నడుగుతడు."

అవ్వ నవ్వింది. కేసు మొదలైన నాటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. రోజూ మా ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, కార్ఖానా నుంచి ఆమెకు చక్కెర తెచ్చిపెట్టేవాణ్ణి నేను. నా మాటకు రాని నవ్వు ఆయన మాటకు వచ్చింది. మా అన్న గురించి మాకు తెలియనివన్నీ ఆయనకు తెలుసు. ఎడమ చెవి నొప్పి తగ్గిందా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు, ఇప్పటికీ నిద్రలో మాట్లాడతాడా, అన్నీ ఆయన చెప్పేవాడు. పెరుగు గిన్నె ఖాళీ చేసి మీసం తుడుచుకుంటూ నన్ను చూసి, "ఏం అల్లుడూ, కార్ఖానల పెద్ద దొరవయినవట గదా? మా ఆయిలింజను మొరాయిస్తున్నది. నీ సదువు దానికైన పనికొస్తదేమో సూడరాదూ" అన్నాడు.

ఇంజను బాగు చేసి వచ్చాను. నాజిల్‌లో చెత్త ఇరుక్కుంది. అంతసేపూ నేను ఆలోచించింది నాజిల్ గురించి కాదు.

అన్న రజా కోసం మేము పెట్టిన దరఖాస్తు తిరిగి వచ్చిందని తెలిసి పట్వారీని కలవడానికి చావడికి వెళ్ళాను. పట్వారీ ఊరి భూముల లెక్కలు రాసే మనిషి. జైలు నుంచి ఎవరి గురించి అడిగినా ఊరి తరఫున ఆయనే రాసి పంపాలి. ఆయన పాన్ నములుతూ విషయం చెప్పాడు.

"సేద్యం పనికి రజా ఇయ్యాల్నంటే ఇంట్ల పని చేసే ఇంకో మొగోడు ఉండొద్దు. మీ బాపు నడుము పోయింది, ఆయనను లెక్కల పట్టలే. కానీ నువ్వున్నవ్. పక్కింట్ల ఎవ్వరు లేరు. అందుకే ఆయనకు వచ్చింది, మీకు రాలె."

"నేను కార్ఖానల నౌకరీ చేస్తున్న గదా."

"నౌకరీ చేస్తే మొగోనివి గాకుంట పోతవా?"

చావడిలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేను ఇంటికి నడుస్తూ ఆ నియమాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. దానిలో తప్పు దొరకలేదు. పొలం ఎండిపోకూడదు, పనిచేసేవాళ్ళు లేని ఇంటికి మనిషిని పంపాలి, అంతే. నియమం సరిగ్గానే ఉంది, మా ఇల్లే దానికి సరిపోలేదు. పెళ్ళాం లేనందుకు అన్నకు శిక్ష పెరిగింది, తమ్ముడున్నందుకు రజా పోయింది. మామకు పెళ్ళాం ఉన్నందుకు శిక్ష తగ్గింది, తమ్ముడు లేనందుకు రజా వచ్చింది. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కకూ ఒక న్యాయం ఉంది. బిగించి చూస్తే యంత్రం ఒక్క ఇంటి మీదనే తిరుగుతోంది.

పట్వారీ చివర్లో ఒక మాట అన్నాడు. "మీరు అన్నదమ్ములు వేరు పడి ఉంటే అది వేరే ముచ్చట." ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. కానీ చావడిలో పలికిన మాట ఎంతసేపు దాగుతుంది? ఆ తర్వాతి వానాకాలం నాటికి బాపు చెవిన పడింది.

చెరుకు బండి ఒరిగి కింద పడ్డప్పటి నుంచి బాపు కర్ర లేకుండా లేవలేడు. మనుషుల్ని పెట్టి సేద్యం చేయించేది అవ్వ. సెలవు రోజుల్లో నేనే పొలం పోయేవాణ్ణి. నీళ్ళు కట్టాను, చెరుకు కొట్టాను, బండ్లకు ఎత్తాను. అయినా అన్నం తింటుండగా బాపు నా ముఖం చూడకుండా చెప్పాడు.

"నువ్వు వేరు పడాలె."

"కాయిదం మీదనా?"

"కాయిదం ఒక్కటే నడవదు. పొయ్యి వేరు గావాలె. విచారణకు వచ్చినోడు ముందుగాల పొయ్యి సూస్తడు. ఎడ్ల కొట్టంల ఉండు."

"ఎన్ని రోజులు?"

"వాడు వచ్చిపోయెదాక."

నాకు కోపం వచ్చింది. లెక్క ప్రకారం మాట్లాడుతున్నాననుకుని మాట్లాడాను. "నన్నెందుకు వేరు పెడ్తరు? అన్ననే వేరు పెట్టుండ్రి. ఆయన ఎట్లాగూ ఇంట్ల లేడు. ఆయనకు పొయ్యే అక్కర లేదు."

పచ్చిపులుసు పోస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. బాపు అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"జైల్ల ఉన్నోన్ని ఇంట్లకెల్లి ఎల్లగొడ్తే, వాడు రజా మీద ఏ ఇంటికొస్తడురా?"

ఉన్నవాణ్ణి బయటికి పంపితేనే లేనివాడు లోపలికి వస్తాడు. ఇంట్లో అందరికీ ఇది అర్థమైంది, అవ్వకు అందరికన్నా ముందు అర్థమైంది. వద్దని ఆమె ఒక్కసారి అంటుందేమోనని నేను కంచం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆమె అనలేదు. మామిడికాయ తొక్కు తెచ్చి ఇంకొంచెం వేసింది.

పెద్దమనుషులు వచ్చి పంచారు. మా పక్క వేరు పడడమంటే భూమి సంగతి తర్వాత, ముందు గిన్నెలు వాకిట్లోకి వస్తాయి. అవి చూడడానికి ఆడవాళ్ళు గోడల మీదుగా తొంగిచూస్తారు. నా వంతుకు రెండు అల్యూమినియం గిన్నెలు, ఒక ఇత్తడి చెంబు, ఒక కంచం, ఒక రోలు వచ్చాయి. కంచు గిన్నె కూడా ఇమ్మని అడిగాను.

"అది మీ అన్నది" అంది అవ్వ.

"ఆయనకు జైల్ల ఇస్తున్నరు గదా గిన్నె."

"వచ్చినప్పుడు దేంట్ల తింటడు మరి?"

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వి, "ఇంజనీరుకు కంచు గిన్నెతోనేం పని, ఇనుప గిన్నె చేసుకుంటడు తియ్యి" అన్నాడు. అది కూడా అందరికీ నవ్వులాటే అయింది.

వాకిలికి అవతలి వైపు ఎడ్ల కొట్టంలో సగం నాకు ఇచ్చారు. పొయ్యి నేనే కట్టుకున్నాను. కార్ఖానాలో బాయిలర్ దగ్గర పని నాది. గాలి ఎటు నుంచి రావాలో, పొగ ఎటు పోవాలో తెలిసినవాణ్ణి. కాగితం మీద గీసి, కొలతలు వేసి, ఇటుకలు పేర్చాను. మొదటి రోజు పొగ మొత్తం నా కొట్టంలోనే నిండింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి అవ్వ తన పొయ్యిలోంచి పిడక మీద నిప్పు పట్టుకుని వాకిలి దాటి వస్తోంది.

గోడ మీదుగా అత్త కేకేసింది. "వేరు పడ్డోనికి నిప్పు గూడ నువ్వే ఇయ్యవడ్తివా వదినె? ఇగ వేరెట్లయితరే?"

"కడ్డీల పెట్టె తడిసింది వానిది" అని అవ్వ నిప్పు పెట్టి వెళ్ళిపోయింది. నా అగ్గిపెట్టె తడవలేదు, జేబులోనే ఉంది. ఆ అబద్ధాన్ని చాలా రోజులు నా దగ్గర దాచుకున్నాను. నా కోసమని ఆమె ఆ ఏడాది ఆడిన అబద్ధం అదొక్కటే.

వండడం నాకు రాలేదు. గేజీ సూది కదలకుండా ఆవిరిని ఒక్కచోట నిలపగలిగినవాణ్ణి గిన్నెడు బియ్యం దగ్గర ఓడిపోయాను. అడుగు మాడేది, పైన పలుకు మిగిలేది. కూర ఎక్కువ రోజులు పచ్చిమిరపకాయ, ఉప్పు. వాకిలి అవతల అవ్వ రొట్టెలు కొట్టే చప్పుడు వినిపిస్తుండగా ఆ అన్నం తినడం ఎలా ఉంటుందో తిన్నవాడికే తెలుస్తుంది. అప్పుడప్పుడు ఆమె మరిచిపోయి పిలిచేది. నేను మరిచిపోకుండా వెళ్ళేవాణ్ణి.

విచారణకు గిర్దావర్ వచ్చాడు. పట్వారీలకు పై అధికారి. వస్తున్నట్టు ముందు చెప్పలేదు. నేను రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, వాకిట్లో కూర్చుని ఉన్నాను. బాపు మంచం మీద ఉన్నాడు. గిర్దావర్ నీళ్ళు తాగి, చిన్న పుస్తకం తీసి అడగడం మొదలుపెట్టాడు.

"ఎంతమంది కొడుకులు?"

"ఇద్దరు సార్. ఒకడు జైల్ల ఉన్నడు. ఒకడు వేరు పడ్డడు."

"ఈయనేనా?" అని నన్ను చూపించాడు. "ఏం బాబూ, వ్యవసాయం వచ్చా నీకు?"

వచ్చు అనబోయాను. చెరుకులో తీపి ఎక్కువగా ఉండేది మొదలు దగ్గరే కనుక నేలకు ఆనించి కొట్టాలని, పై కొసలో తీపి తక్కువ కనుక తీసేయాలని, కొట్టింది ఆలస్యం లేకుండా మిల్లుకు చేరాలని, అది ఎందుకో కూడా చెప్పగలను. బాపు నాకన్నా ముందు నోరు తెరిచాడు.

"వానికేం తెల్వది సార్. పార పట్టరాదు. చెరుకు యాడ కొట్టాల్నో, యాడ ఇడిసిపెట్టాల్నో ఎరకలేదు. ఎండల నిలబడితే కండ్లు తిరుగుతయి వానికి. సదువుకున్న పిల్లగాడు."

ఆ వారమే నేను కొట్టిన చెరుకు మూడు బండ్లు మిల్లుకు పోయింది. నోరు మూసుకున్నాను. అన్నను ఇంటికి తేవాలంటే నేను పనికిరానివాణ్ణి కావాలి. అయ్యాను. సరిగ్గా అప్పుడే అవ్వ వంటింట్లోంచి, ఎవరు వచ్చారో చూసుకోకుండా కేకేసింది.

"ఏందిరా, డ్యూటీ దిగి గంతసేపాయె, ఇంక తినకుండనే కూసున్నవ్? రొట్టె సల్లారిపోతున్నది, రా!"

పట్వారీ తల దించుకున్నాడు. బాపు కర్ర నేల మీద టకటకలాడించాడు. అవ్వ గుమ్మంలోకి వచ్చి గిర్దావర్‌ను చూసి, చేతిలో రొట్టెతోనే ఆగిపోయింది.

"ఏమమ్మా, వేరు పడ్డడంటిరి గదా?"

"వేరు పడ్డడు సార్" అంది అవ్వ. "వేరు పడ్డోన్ని తిన్నవా అని అడగొద్దా? కానూన్ల గట్ల ఉన్నదా?"

గిర్దావర్ లేచాడు. "పొయ్యి ఏది?" అన్నాడు. నేను కొట్టం చూపించాను. ఆయన వంగి లోపలికి వచ్చి, పొయ్యిని చూసి, పొగగొట్టం కోసం నేను పెట్టిన రేకును చూసి, గిన్నె మూత తీశాడు. ముందు రోజు సాయంత్రం అన్నం అందులోనే ఉంది. వేలితో ఒక మెతుకు నలిపాడు. అడుగున నల్లగా అంటుకున్నదాన్ని చూశాడు.

"ఇది నువ్వే వండుకున్నవా?"

"అవును సార్."

"వేరు పడ్డట్టే ఉన్నది" అన్నాడు పట్వారీ వైపు తిరిగి. "తల్లి చెయ్యి తగిలితే గింత ఘోరంగుండది."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈసారి నా అన్నానికే నవ్వింది. దాన్ని కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

వెళ్ళే ముందు గిర్దావర్ బాపు పక్కన కూర్చుని ఇంకో సంగతి చెప్పాడు. మా ఇంటికి వచ్చే ముందు ఆయన పొరుగూరికి, చనిపోయిన రైతు ఇంటికి వెళ్ళాడట. ఈ మనిషి రజా మీద వస్తే మీకేమైనా అభ్యంతరమా అని ఆ రైతు భార్యను అడిగాడట. ఆమె తల అడ్డంగా ఊపి, "రానియ్యుండ్రి సార్. మా ఆయినె పదిహేను రోజులకు రావాల్నంటే నేను ఎవ్వరికి దర్ఖాస్తు పెట్టాలె?" అని అడిగిందట.

అవ్వ నవ్వు ఆగింది. పక్కింటి పువ్వులను నేను ఎలా చూశానో, మా అన్న వచ్చిన నాడు ఆ రైతు భార్య మా ఊరి వైపు అలాగే చూస్తుందని ఆ క్షణం తెలిసింది. తెలిసినా నా కుళ్ళు తగ్గలేదు. ఆమెది న్యాయమైన బాధ అని, నాది దాని పక్కన చాలా చిన్నదని ఒప్పుకున్నాను. చిన్నదైనా అది నాది.

అన్న కోత మధ్యలో వచ్చాడు. పదిహేను రోజులు. వారానికోసారి బోధన్ ఠాణాలో కనబడాలి, ఠాణా హద్దు దాటకూడదు. బస్సు దిగి నడిచి వచ్చాడు. తల గొరిగి ఉంది, భుజాలు వెడల్పయ్యాయి. గుమ్మం ముందు అవ్వ కాళ్ళకు నీళ్ళు పోసి, ఆ కాళ్ళు తన చేతులతోనే తుడిచింది.

ఆ పదిహేను రోజులూ నేను వాకిలి ఇవతలి నుంచి చూశాను. కంచు గిన్నె బయటికి వచ్చింది. అవ్వ అన్నకు నూనె రాసి తల రుద్దింది. కర్ర లేకుండా లేవలేని బాపు కర్ర పట్టుకుని పొలం దాకా నడిచి, అన్న చెరుకు కొడుతుంటే గట్టు మీద నిలబడి చూశాడు. నేను కొట్టిన రోజుల్లో ఆయన ఒక్కనాడు రాలేదు. అన్నకు గోదావరి స్నానం చేయిస్తానని అవ్వ మొక్కుకుందట. గోదావరి ఒడ్డున ఉన్న కందకుర్తి ఠాణా హద్దు దాటి ఉంది కనుక అన్న పోకూడదు. నేను పోవచ్చు. సైకిల్‌కు క్యాను కట్టుకుని పోయి, మంజీర వచ్చి కలిసే చోట నీళ్ళు ముంచి తెచ్చాను. అవ్వ ఆ నీళ్ళు మొత్తం అన్న నెత్తి మీద పోసి క్యాను నాకు తిరిగి ఇచ్చింది, ఖాళీది.

ఠాణా జవాను ఎప్పుడైనా తనిఖీకి రావచ్చని నన్ను ఇంట్లో తిననివ్వలేదు. ఒక సాయంత్రం అన్నే కొట్టంలోకి వచ్చి, నా పక్కన కూర్చుని, నా గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. నన్ను చూశాడు.

"తమ్మీ, మా జైల్ల గూడ గింత మాడదుర."

"పో, పోయి మీ జైల్లనే తిను" అన్నాను.

అన్న నవ్వాడు. నేను నవ్వలేదు. అయినా ఆయన ఆ అన్నం చివరిదాకా తిన్నాడు. మరునాడు నా పొయ్యి నోరు రెండు వేళ్ళు వెడల్పు చేసి వెళ్ళాడు. జైల్లో వంట దగ్గర కూడా పనిచేశాడట. అప్పటి నుంచి పొయ్యి బాగా మండింది. కొలతలు వేసి నేను కట్టిన దానిలో ఆయన వేళ్ళతో కొలిచి తప్పు సరిచేయడం నాకు నచ్చలేదు.

వెళ్ళే రోజు అన్నను నిజామాబాద్ స్టేషన్ దాకా నేనే తీసుకుపోయాను. బండికి ఇంకా సమయం ఉంది. బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతూ అన్నాడు.

"తమ్మీ, వచ్చే యేడు దర్ఖాస్తు పెట్టకుండ్రి."

"ఎందుకు?"

"నాకు ఇంక ఏడేండ్లున్నయి. నేను యేటా వచ్చుడంటే యేటా నువ్వు బయటుండాలె. పదిహేను రోజుల కోసం ఏడేండ్లు నిన్ను కొట్టంల పెడ్తరా? రేపు నీకు పిల్లనెవడిస్తడు? నువ్వు ఇంట్లకు పో. అవ్వ చేత తిను. నేను ఆడ్నే ఉంటా."

"నీకు రావాలని లేదా?"

అన్న చాయ్ గ్లాసులోకి చూశాడు. "పోయిన కోతకు మామ వచ్చినప్పుడు, ఆ పదిహేను రోజులు నేను గోడ దిక్కు మళ్ళి పడుకున్న. వాడు వాపస్ వచ్చినంక ఇంటి ముచ్చట్లు చెప్తుంటే చెవులు మూసుకున్న. రావాలని లేకుంటె గట్ల చేస్తనా?"

అంటే ఆయన కూడా మామను చూసి నాలాగే మండాడు. దానికి నా మనసు మెత్తబడాల్సింది. పడలేదు. ఇంతగా రావాలని ఉండి కూడా నా కోసం మానుకుంటానన్నాడే, ఆ మాట నన్ను ఇంకా కాల్చింది.

"ఇది గూడ నీకేనా?" అన్నాను.

"ఏంది?"

"మంచితనం. శిక్ష నీదే. రజా నీదే. అవ్వ, బాపు, గిన్నె, గోదారి నీళ్ళు అన్ని నీయే. ఇప్పుడు తమ్ముని కోసం మానుకున్నడు అనే పేరు గూడ నీకే రావాల్నా? మరి నాకేం మిగులుతది?"

అన్న ఎంత గట్టిగా నవ్వాడంటే చాయ్ అమ్మేవాడు వెనక్కి తిరిగాడు.

"నీకు మాడిన అన్నం మిగుల్తదిరా" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. బండి వచ్చింది. ఎవరూ పట్టుకుపోకుండా, తనంతట తానే జైలుకు పోయే మనిషి నవ్వుకుంటూ ఎక్కాడు. ఇంటికి పోవాల్సిన నేను ముఖం మాడ్చుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ వాకిట్లో నా కోసం చూస్తోంది. కంచం కడిగి తన వంటింటి గుమ్మం దగ్గర పెట్టింది, నా కంచం. కొట్టంలోంచి ఎప్పుడు తెచ్చిందో తెలియదు.

"ఎక్కిండా?"

"ఎక్కిండు."

"ఏమన్నడు?"

"ఏమన్లే."

"సరే, రా. కాళ్ళు కడుక్కో. ఇగ ఇంట్లనే తిందువు గాని. ఎవ్వడొస్తడు ఇప్పుడు సూడ."

వేరు పడ్డ నాటి నుంచి నేను వినాలనుకున్న మాట అది. సర్వపిండి కాల్చింది, నాకు ఇష్టమని. నేను కాళ్ళు కడుక్కోకుండా అక్కడే నిలబడి అడిగాను.

"అవ్వా, నేను ఇప్పుడు ఇంట్లకొస్తే పట్వారీ కలిపి రాస్తడు. ఒక్కసారి కలిసినోళ్ళం మల్ల వేరు పడితే ఎవ్వడు నమ్మడు. వచ్చే యేడు అన్న రావాల్నా, వద్దా?"

ఆమె సర్వపిండి గిన్నె చేతిలో పట్టుకుని నన్ను చూసింది. వద్దు అంటే చాలు, నేను లోపలికి వెళ్ళేవాణ్ణి. వద్దు అని ఆమె అనలేదు. రావాలె అని కూడా అనలేదు. కొంతసేపటికి ఆ గిన్నెను నా కంచంలో పెట్టి, కంచాన్ని వాకిలి మధ్య దాకా తెచ్చి నా చేతికి ఇచ్చి, లోపలికి వెళ్ళిపోయింది.

నాకు జవాబు దొరికింది. కొట్టంలోకి పోయి తిన్నాను. సర్వపిండి చాలా బాగుంది. ఇంకో నాలుగు ముక్కలుంటే అవీ తినేవాణ్ణి.

అన్న స్టేషన్లో చెప్పిన మాటను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి కోసం రజా మానుకున్నాడన్న పేరు ఆయనకు దక్కనివ్వదలచుకోలేదు. వచ్చే కోతకు దరఖాస్తు నేనే రాశాను. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయని పట్వారీ మెచ్చుకున్నాడు. మామ అప్పటికి శిక్ష పూర్తి చేసుకుని ఇంటికి వచ్చేశాడు. తన గోడ దగ్గర నిలబడి, "ఏం అల్లుడూ, మీ అన్న ఎప్పుడొస్తుండు?" అని అడిగాడు. తేదీ చెప్పాను.

ఆ తేదీకి కార్ఖానాలో నాది మొదటి షిఫ్టు, అన్న బస్సు వచ్చేలోపే దిగి ఇంటికి చేరేవాణ్ణి. తోటివాణ్ణి బతిమాలి రెండో షిఫ్టుకు మార్చుకున్నాను. అన్న బస్సు దిగి నడిచి వచ్చేటప్పుడు, అవ్వ చెంబుతో గుమ్మంలోకి వచ్చేటప్పుడు, నేను బాయిలర్ ముందు ఉన్నాను.